గాజులు తొడిగే గొంతు

మైసూరు,
2 జులై 2025

అత్తమ్మా,

ఇరవై మూడేళ్లుగా నిన్ను అడగాలనుకుంటున్న ప్రశ్న ఒకటుంది. నాకు మైసూరులో సీటు వచ్చిన రోజు, బాపు "ఆడపిల్లను గంత దూరం పంపేది లేదు" అన్నప్పుడు, నువ్వెందుకు ఒక్క మాట కూడా మాట్లాడలేదు? బాపు ఎవరి మాటా వినేవాడు కాదు. చెల్లెలివి, నీ మాట ఒక్కటే వినేవాడు. ఆ రోజు నువ్వు మట్టెవాడ దుకాణంలో గద్దె మీద కూర్చుని ఎర్ర గాజులు ఒక పక్కకు, ఆకుపచ్చవి ఒక పక్కకు వేరుచేస్తూ తల కూడా ఎత్తలేదు. రెండు వారాలకు బాపే ఒప్పుకున్నాడు. నేను రెండు రోజులు అన్నం మానేసినందుకే ఒప్పుకున్నాడని ఇన్నేళ్లూ అనుకున్నాను. నీ మౌనానికి మాత్రం నాకు అర్థం దొరకలేదు. "నా తర్వాత ఈ గద్దె నీదే" అని నువ్వు నాతో అంటుండేదానివి కదా, నేను వెళ్లడం నీకే ఇష్టం లేదేమోనని కూడా అనుకున్నాను.

నిన్న నవ్య ఫోన్ చేసి డాక్టర్ చెప్పినదంతా చెప్పింది. స్వరపేటిక తీసేస్తే ప్రాణానికి భయం లేదని, ఈ నెల ముప్పైన ఆపరేషన్ అని. అమ్మ గొంతు ఇక ఉండదని రెండుసార్లు చెప్పింది. సిగ్గులేకుండా నాకు ముందు గుర్తొచ్చింది ఆ ప్రశ్నే. దాన్ని ఇక్కడితో పక్కన పెడుతున్నాను. ముందు చేయాల్సిన పని ఉంది.

మాటల్లోని ధ్వనుల తీరు చదవడమే నా ఉద్యోగమని నీకు తెలుసు. "నోట్లకెళ్లి వచ్చే గాలిని కొలుస్తదట మా కోడలు" అని నువ్వే కదా అందరికీ చెప్తావు. ఇప్పుడు ఆ కొలతలతో ఒక మనిషి గొంతును మిషన్లో నిలబెట్టవచ్చు. ఆపరేషన్ తర్వాత ఫోన్లో మాట రాస్తే అది నీ గొంతుతో పలుకుతుంది. దానికి నీ మాటలు నాకు చాలా కావాలి, అదీ ముప్పై లోపే. ఒక్కో అక్షరాన్ని విడిగా పలికితే చాలదు. పలుకు పక్క పలుకును చూసి మారుతుంది. "కి" అని, తర్వాత "కు" అని చూడు. రెండోసారి "క" ఇంకా మొదలుకాకముందే పెదవులు గుండ్రంగా తిరుగుతాయి. ఇలాంటి అతుకులన్నీ వచ్చేలా నాలుగు వందల వాక్యాలు కూర్చి నవ్యకు పంపాను. రోజుకు ముప్పై చదివితే సరిపోతుంది.

మిగతా సమయమంతా నోరు కట్టుకో. గొంతును రికార్డింగు కోసం దాచుకో. నాకు ఫోన్ చేయొద్దు, ఉత్తరం రాయి. నవ్య ఫొటో తీసి పంపుతుంది. నేనూ అలాగే రాస్తాను.

భయపడకు. ఈ పని నాకు బాగా వచ్చు.

నీ కోడలు,
లత


మట్టెవాడ,
5 జులై

లతా,

నోరు కట్టుకొమ్మంటివి, కట్టుకున్న. మీ మామ మొదటి రోజు నేను అలిగిన అనుకున్నడు. రెండో రోజు జరం వచ్చిందనుకున్నడు. మూడో రోజు సంబురపడ్డడు.

నీ వాక్యాలు ముప్పై చదివిన. ఏందే అవి? "ఉడుత ఉయ్యాల మీద ఊరికే ఊగదు." "ఝషం జలంలో జీవించును." ఝషం అంటే ఏందని మీ మామను అడిగితే చేప అన్నడు. అరవై ఒక్క ఏండ్లల్ల నేను చేపను ఝషం అనలే, ఇగ ముందు కూడ అనను. అయినా నువ్వు అడిగినవని చదివిన. గోదాముల అట్టపెట్టెల నడుమ కూసుండి, బయటి చప్పుడు పడకుండ చద్దరు కప్పుకొని, చెమటలు కక్కుకుంట చదివిన. చచ్చేటోళ్లకు ఫొటో తీసినట్టే ఉన్నది నీ యవ్వారం.

నీకు ఒక్క మాట సక్కగ చెప్త. నాకు ప్రాణం ఫికర్ లేదు. డాక్టరు మంచోడు. నా ఫికరంత దుకాణం మీదనే. మట్టి గాజులు ఏసేటప్పుడు ఆడోళ్లు చెయ్యి బిగబడతరు. బిగబట్టిన చెయ్యికి గాజు ఎక్కదు, ఎక్కిస్తే పగులుతది, కోసుకపోతది. నేను మాట్లాడుకుంట ఏస్త. ముప్పై ఆరేండ్ల నుంచి నాకు వచ్చిన ఇద్దె గదొక్కటే. నవ్య దుకాణం ఎత్తేసి తనతోని హన్మకొండల ఉండమంటాంది. నోరు లేనిదానికి చెయ్యి ఎవరిస్తరమ్మా అంటాంది.

గద్దె ముచ్చట అడిగినవు. అది తర్వాత.

అత్తమ్మ


మైసూరు,
8 జులై

అత్తమ్మా,

నూట పది వాక్యాలు చేరాయి. చాలా శుభ్రంగా ఉన్నాయి. కొంచెం బొంగురు ఉంది కానీ ఇబ్బంది లేదు. ఝషానికి క్షమించు. ఆ వత్తు అక్షరం ఎక్కడో ఒకచోట రావాలి కదా అని పెట్టాను.

ఒక్క సమస్య ఉంది. ఇది నీ గొంతే, కానీ నువ్వు కాదు. బడిలో పంతులు ముందు నిలబడి చదువుతున్న పిల్లలా ఉన్నావు. అన్ని వాక్యాలూ ఒకే ఎత్తులో మొదలై ఒకే చోట దిగుతున్నాయి. నాకు తెలిసి నీకు రెండు గొంతులున్నాయి. చిన్నప్పుడు బడి నుంచి వచ్చి దుకాణం వెనక అరుగు మీద కూర్చుని వినేదాన్ని. గిరాకీతో మాట్లాడితే నీ మాట చివర్లో సాగి, కింద పడకుండా గాలిలో ఆగేది. ఇంట్లో మాట్లాడితే గబుక్కున దిగి తెగేది. నువ్వు మామయ్యను "అన్నం తింటరా" అంటే అది ప్రశ్న కాదు, హుకుం. ఈ రెండు తీర్లనూ కొలిచి మిషన్లో వేరువేరుగా పెడతాను. ఇంటి గొంతుకు ఫికర్ లేదు, మామయ్యను రెండు రోజులు తిట్టు, నవ్య రికార్డు చేస్తుంది.

దుకాణం గొంతు కావాలి. గోదాములోనే కూర్చుని, ఎదురుగా గిరాకీ ఉన్నట్టు ఊహించుకుని మాట్లాడు. ఇరవై నిమిషాలు చాలు. నీ ప్రశ్నకు, అంటే నోరు లేనిదానికి చెయ్యి ఎవరిస్తారన్న ప్రశ్నకు, జవాబు అందులోనే ఉంది.

లత


మట్టెవాడ,
11 జులై

లతా,

ఊహించుకొమ్మన్నవు. ఊహించుకున్న. రాలే.

గోదాముల కూసుండి "ఏం బిడ్డా, ఏ ఊరు" అన్న. ఎదురుంగ గోడ. నాకే నవ్వొచ్చింది. నవ్యను కూసోబెట్టుకున్న. దానికి గాజులంటేనే పడదు, గడియారం చెయ్యి చాపింది. ఎంత మాట్లాడినా పొల్లుమాటలే వచ్చినయ్. నీకు ఎట్ల చెప్పాలె? చేతిల చెయ్యి ఉండాలె. చెయ్యి బిగుసుకున్నది నా వేళ్లకు తెలువాలె. అప్పుడు ఆ మాట దానంతట అదే వస్తది. నేను పిలిస్తే రాదు.

గందుకే నిన్నటి నుంచి దుకాణంలనే రికార్డు పెట్టిన. గద్దె పక్కన ఫోను. డాక్టరు తిట్టినా మంచిదే అని రెండు రోజులు మనసు నిండ మాట్లాడిన. పరకాల దిక్కుకెళ్లి మొగిలమ్మ అని ఒకామె వచ్చింది, బిడ్డ శ్రీమంతానికి గాజులు కావాలెనని. కైకిలికి పోయి పొలం పని చేసిన చెయ్యి, కట్టెలెక్క ఉన్నది. బిడ్డకు తీసుకొని, నాక్కూడ ఏయమన్నది. "ఎన్నో నెల?" అంటే "ఏడు" అన్నది, గంతల ఒక గాజు ఎక్కిచ్చిన. "అల్లుడు మంచోడేనా?" అన్న. "మంచోడే గని తిండిపోతు" అన్నది. ఇంకొకటి. ఆమె అల్లుని మీద చాడీలు అయిపోయేసరికి డజను అయిపోయింది. నాకు ఎంత తృప్తి అయిందో లతా, నెల రోజులకు కడుపు నిండ అన్నం తిన్నట్టు.

నవ్య అన్నీ పంపింది. విను. గదే నేను.

అత్తమ్మ


మైసూరు,
13 జులై

అత్తమ్మా,

తొందరలో రాస్తున్నాను, లాబ్‌లో పని ఉంది. దుకాణం రికార్డింగులు విన్నాను. ఇవి పనికిరావు. అంతా చప్పుడే. గాజుల గలగల నీ "స"లనూ "చ"లనూ మింగేసింది, ఎంత ప్రయత్నించినా విడదీయలేకపోయాను. వెనక ఆటోలు, ఫ్యాను. మిషన్‌కు ఇలాంటివి ఇస్తే నేర్చుకున్నది కూడా చెడిపోతుంది.

ఒక ఉపాయం తోచింది. మట్టి గాజులకు బదులు ప్లాస్టిక్ గాజులు తొడుగుతూ మాట్లాడు. చప్పుడు ఉండదు. గోదాములో చేయి. దుకాణంలో ఇక మాట్లాడవద్దు, గొంతు వృథా అవుతోంది. ఇంకా రెండు వందల వాక్యాలు మిగిలాయి. దయచేసి వాటిని ముగించు.

లత


మట్టెవాడ,
15 జులై

పద్మలత గారికి,

మీ ఉత్తరం అందినది.

ముప్పై ఆరేండ్లు మాట్లాడినది చప్పుడు అని ఇప్పుడు తెలిసినది. చదువుకున్నోళ్లు చెప్పినంక కాదనడానికి మేం ఎవరం. ప్లాస్టిక్ గాజులకు చెయ్యి బిగబట్టే ఆడమనిషి వరంగల్ జిల్లాల ఉంటే చూపెట్టుండ్రి, నేను ఉత్తగ ఏస్త. పగులుతదన్న భయం ఉంటెనే చెయ్యి బిగుస్తది. చెయ్యి బిగుస్తెనే నాకు మాట వస్తది. గీ సంగతి మొగిలమ్మకు తెలుసు, మీ మిషన్‌కు తెల్వదు.

మిగిలిన వాక్యాలు చదువబుద్ధి అయితలేదు. దుకాణం నవ్య చెప్పినట్టే ఎత్తేస్త. ఎవలకూ పరేషాన్ ఉండదు.

వినోద


మైసూరు,
17 జులై

అత్తమ్మా,

పేరు పెట్టి "గారు" అన్నావు చూడు, అది మిషన్ అవసరం లేకుండానే నాకు వినిపించింది. గబుక్కున దిగి తెగే గొంతు.

తప్పు నాది. అడ్డం చప్పుడొక్కటే అనుకుని, ప్లాస్టిక్ గాజుల ఉపాయం చెప్పాను. నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివితే అర్థమైంది. నువ్వు మొదటి నుంచీ ఒకే మాట చెప్తున్నావు, నేనే వినలేదు. మేము ధ్వనుల్ని మనిషి నుంచి విడదీసి, నిశ్శబ్దపు గదిలో పెట్టి చదువుతాం. అలా చదివితేనే "కి"లోని "క" వేరనీ "కు"లోని "క" వేరనీ తెలిసింది, కాబట్టి ఆ పద్ధతి తప్పని అనను. కానీ నీ మాట పుట్టే చోటు గోదాము కాదు, ఇంకొకరి మణికట్టు. దాన్ని అక్కడే పట్టుకోవాలి.

చప్పుడు అన్నది గాజుల్ని. నీ మాటను కాదు. అది ఇంకోసారి రాస్తున్నాను, నీ మాటను కాదు.

మా దగ్గర మెడకు పట్టీలా కట్టే మైకు ఒకటుంది. అది గాలిలోని శబ్దాన్ని వినదు, గొంతు అదిరినప్పుడు చర్మం అదురును పట్టుకుంటుంది. పక్కన డప్పు కొట్టినా దానికి పట్టదు. అందులో "స", "శ" సరిగ్గా రావు, అవి నోటి ముందు గాలిలో పుట్టేవి కాబట్టి. వాటిని నువ్వు గోదాములో చెమటోడ్చి చదివిన వాక్యాల నుంచి తీసుకుంటాను. రాగం దుకాణానిది, అక్షరాలు గోదామువి. రెంటినీ కలిపి కుట్టడం నాకు వచ్చు. ఝషం కూడా పనికొస్తుంది, చూస్తూ ఉండు.

నొప్పి లేని చోట పట్టీ కట్టవచ్చా అని నవ్య డాక్టర్‌ను అడిగింది, రెండు రోజుల మట్టుకు సరేనన్నాడు. ఇరవయ్యో తారీఖు రాత్రి బండికి వస్తున్నాను. ఇరవై రెండు, ఇరవై మూడు దుకాణం తెరిచి ఉంచు. ఎత్తేస్తానంటే గద్దె మీద నేను కూర్చుంటాను, గిరాకీ అంతా పారిపోతుంది, నీ ఇష్టం.

నీ కోడలు,
గారు కాని లత


మైసూరు,
27 జులై

అత్తమ్మా,

క్షేమంగా చేరాను. నువ్వు మూట కట్టి ఇచ్చిన సకినాలు ముక్కలయ్యాయి, అయినా ఇక్కడి వాళ్లు ఒక్కటి మిగల్చలేదు.

నువ్వు మెడకు పట్టీ కట్టుకుని గద్దె మీద కూర్చుంటే, వచ్చిన ప్రతి ఆడమనిషీ "గదేందక్కా, కొత్త నగనా?" అనడం, నువ్వు "మా కోడలు మైసూరుకెళ్లి తెచ్చింది, మీరు కూడ చేపిచ్చుకోండ్రి" అనడం, అన్నీ రికార్డులో ఉన్నాయి. రాత్రంతా రైల్లో విని నవ్వుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. రెండు రోజుల్లో నువ్వు అరవై నాలుగు చేతులకు గాజులు తొడిగావు. నవ్య చేతుల మీదే కెమెరా పెట్టి తీసింది. గాజు బొటనవేలి కణుపు దాటే క్షణాన్ని ఒక్కొక్కటిగా గుర్తుపెట్టి, ఆ క్షణంలో నీ గొంతు ఎలా ఉందో చూశాను. నీ గొంతులోని మెత్తదనమే చేతిని సడలిస్తుందని ఇన్నాళ్లూ నా నమ్మకం. చిన్నప్పటి నుంచీ అదే అనుకున్నాను, నువ్వూ అదే అనుకుంటున్నావు.

అది నిజం కాదు అత్తమ్మా. గాజు దాటే క్షణంలో నువ్వు మాట్లాడటం లేదు. అరవై నాలుగు చేతుల్లో యాభైకి పైగా అంతే. నువ్వు ఒక ప్రశ్న అడుగుతావు. చివరి అచ్చును సాగదీసి గాలిలో ఆపుతావు. ఆపేస్తావు. అవతలి మనిషి జవాబు చెప్పడానికి ఊపిరి పీల్చి నోరు తెరుస్తుంది. చెయ్యి సడలేది అప్పుడు. గాజు ఎక్కేది అప్పుడు. నువ్వు మాట్లాడేది వాళ్లతో మాట్లాడించడానికి. అర నిమిషం కాదు, అర సెకను మౌనం కోసం అంత మాట.

దీని అర్థం తెలుసా? ఆ పని మిషన్ చేయగలదు. ప్రశ్నల్ని నీ దుకాణం రాగంలో ముందే సిద్ధంచేసి పెడతాను, ఒక్కో ప్రశ్నకు ఒక్కో బొత్తాం. ప్రశ్న పలికి అది ఊరుకుంటుంది. మిగతాది నీ వేళ్లకు తెలుసు. దుకాణం ఎత్తేయాల్సిన పని లేదు. నవ్యకు కూడా ఫోన్ చేసి ఇదే చెప్పాను. "చూద్దాం వదినా" అంది. దాని చూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టే.

ముప్పయ్యో తారీఖు నేను రాలేను, లాబ్‌లోనే కూర్చుని నీ గొంతు కుడుతుంటాను. నువ్వు కళ్లు తెరిచేసరికి మొదటి మాట సిద్ధంగా ఉండాలి.

మౌనం గురించి ఇంత తెలుసుకున్నాక ఆ పాత ప్రశ్న మళ్లీ అడగకుండా ఉండలేకపోతున్నాను. అక్కడున్నప్పుడు రెండు సార్లు నోటిదాకా వచ్చింది, గిరాకీ వచ్చింది. జవాబు చెప్పాలనిపిస్తేనే చెప్పు.

లత


మట్టెవాడ,
29 జులై

లతా,

రేపు పొద్దుగాల దవాఖానకు పోతాన. గాజులన్నీ తీసేయమన్నరు, తీసేసిన. మీ మామ ఆ గాజులు రుమాల్ల కట్టి జేబుల పెట్టుకున్నడు, పగులుతయంటే వినడు.

నువ్వు అడిగినదానికి చెప్త.

చేతులన్నీ ఒక్క తీరు ఉండయి. కొందరిది అడిగితే సడలుతది. కొందరిది అడిగినకొద్దీ బిగుస్తది. గసొంటి చెయ్యి నువ్వున్న రెండు రోజులు ఒక్కటి కూడ రాలే, గందుకే నీ మిషన్‌ల పడలే. గసొంటోళ్లు వస్తే నేను చెయ్యి ఇడిచిపెడత. అటు తిరిగి గాజులు సదురుకుంట, వాళ్లను చూడనే చూడ. జరసేపటికి వాళ్లే చెయ్యి చాపుతరు. మా అన్నది గసొంటి చెయ్యి. ఆ పొద్దు నేను "పిల్లను పంపు అన్నా" అని ఒక్క మాట అంటే, చెల్లె ముంగట తగ్గిన అని, ఇగ ఎన్నటికీ పంపకపోతుండె. గందుకే గాజులు వేరుచేసుకుంట కూసున్న. రెండు వారాలు ఆయనతోని ఆ ముచ్చటనే ఎత్తలే. నువ్వు అన్నం మానేస్తే కరిగే మనిషా మా అన్న?

ఇంకా రేపటిదాక గొంతున్నది గదా, ఫోను చేసి చెప్పొచ్చు గదా అంటవేమో. ఫోన్‌ల చెప్తే నువ్వు మాట వినవు, గొంతు వింటవు. ఎక్కడ సాగింది, ఎక్కడ దిగింది అని చూస్తవు. నాకు మాట వినేటోళ్లు కావాలె. గందుకే రాసిన.

నమ్మితే నమ్ము.

మంచిగ తిను. సన్నబడ్డవు.

అత్తమ్మ


మట్టెవాడ,
14 సెప్టెంబర్

లతా,

గీ ఉత్తరం దుకాణంల కూసుండి రాస్తాన. మెడల రంధ్రం, దాని మీద తెల్లగుడ్డ. అలవాటైంది. నవ్య మొదట్ల చూడలేకపోయేది, ఇప్పుడు తనే గుడ్డ మారుస్తాంది.

దుకాణం తెరిచి పది రోజులైంది. బతుకమ్మ గిరాకీ మొదలైంది. నీ మిషన్ ముచ్చట చెప్త, నవ్వద్దు.

నా రెండు చేతులు గాజుల మీద ఉంటయ్, బొత్తాం ఎవరు ఒత్తాలె? ముందు మోచేతితో ఒత్తిన, ఎవలను అడగాల్సింది ఎవలనో అడిగింది. తర్వాత మీ మామ వచ్చి ఎనక స్టూలు ఏసుకొని కూసున్నడు. ముప్పై ఆరేండ్లల్ల గిరాకీతోని ఒక్క మాట మాట్లాడిన మనిషి కాదు, లెక్కలు రాసుకుంట గోదాముల ఉండేటోడు. ఇప్పుడు నా మాటలన్నీ ఆయన వేలు కిందికి వచ్చినయ్. ఎంత కులుకో!

మొదటి రోజు పెండ్లి కాని పిల్లొకతి, ఇంటర్ చదివేది, చెయ్యి చాపింది. మీ మామ బొత్తాం ఒత్తిండు. నా గొంతు, సక్కగ సాగదీసి, "మీ పెద్దోడు ఏం చదువుతాండు బిడ్డా...?" అన్నది. ఆ పిల్ల నోరు తెరిచింది, పక్కనున్న వాళ్లమ్మ తెరిచింది, దుకాణమంత పడిపడి నవ్విండ్రు. నవ్వేటప్పుడు చెయ్యి సడలింది. నేను ఊకుంటనా? నాలుగు గాజులు ఒక్కపారే ఎక్కిచ్చిన.

రెండో వారం మొగిలమ్మ వచ్చింది. మనవడు పుట్టిండట. నా మెడ చూసి కండ్లల్ల నీళ్లు పెట్టుకున్నది, చెయ్యి రాయి లెక్క బిగబట్టింది. మీ మామ ఏ బొత్తాం ఒత్తాల్నో తెల్వక గాబరా అయ్యిండు. ఆఖరుకు "అల్లుడు మంచోడేనా?" ఒత్తిండు. ఆమె కొంగుతోని కండ్లు తుడుసుకున్నది. "ఇంకా తిండిపోతే అక్కా" అన్నది. డజను ఏసిన. ఒక్కటి పగలలే.

ఎత్తేసుడు ముచ్చట నవ్య ఇగ ఎత్తుతలేదు. దసరాకు తనకు కూడ ఏయమన్నది. గడియారం తీసి రమ్మన్న.

అత్తమ్మ


మైసూరు,
21 సెప్టెంబర్

అత్తమ్మా,

నీ ఉత్తరం లాబ్‌లో అందరికీ చదివి వినిపించాను. మామయ్య బొత్తాం దగ్గరికి వచ్చేసరికి మా డైరెక్టర్ కుర్చీలోంచి లేచి నిలబడి నవ్వింది. "పెద్దోడు" ప్రశ్నను పెళ్లికాని వాళ్లకు వేరుగా పెట్టాలని రాసుకున్నాను, తర్వాత ఆ మార్పు చేయకూడదని కొట్టేశాను. నీ దుకాణంలో అది బాగానే పనిచేస్తోంది.

పని నెగ్గింది. అది సందేహం లేకుండా చెప్పగలను. నీ గొంతులోని రాగం ఎక్కడ ఎత్తుకుంటుందో, ఎక్కడ ఆగుతుందో, ఎంతసేపు ఊరుకోవాలో కొలిచి పెట్టాం, ఆ కొలత మీద గాజులు ఎక్కుతున్నాయి. గొంతు పోయిన ఇంకో ఇద్దరికి ఇదే తీరున చేయబోతున్నాం. ఒకరు బస్సులో టికెట్లు కొట్టే కండక్టరు, ఇంకొకరు తెలుగు పంతులు. ఈసారి నిశ్శబ్దపు గదిలోకి వాళ్లను రమ్మనడం లేదు. ముందు నేను వాళ్ల బస్సు ఎక్కుతాను, వాళ్ల క్లాసులో కూర్చుంటాను. ఇది నీ దగ్గర నేర్చుకున్నది.

ఇంకొకటి చెప్పాలి. ఇది చెప్పకుండా దాచుకోవడం మర్యాద కాదు.

జులై ఇరవై తొమ్మిది సాయంత్రం నీ ఉత్తరం ఫొటో వచ్చింది. చదివాక ఫోన్‌లో నీ నంబరు తీశాను. ఒక్కసారి మోగిస్తే నీ గొంతు వినగలిగేదాన్ని, అదే ఆఖరి సాయంత్రం. మోగించలేదు. నువ్వు మాట వినమన్నావు, గొంతు వద్దన్నావు, అందుకే అని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి విని కనిపెట్టేస్తానేమోనని భయపడ్డాను.

నీ గొంతు మిషన్లో తయారయ్యాక, ఆగస్టులో ఒక రోజు, ఎవరూ లేనప్పుడు, నీ ఉత్తరంలోని ఆ మూడు వాక్యాలను అందులో పెట్టాను. "మా అన్నది గసొంటి చెయ్యి" నుంచి "గాజులు వేరుచేసుకుంట కూసున్న" దాకా. నీ అనుమతి తీసుకోలేదు. అది నీ గొంతు, నా ఆస్తి కాదు. ముందు ఇంటి గొంతులో పలికించాను. గబుక్కున దిగి తెగింది, నిజం చెప్పినట్టే ఉంది. తర్వాత దుకాణం గొంతులో పలికించాను. చివర సాగి గాలిలో ఆగింది. బిగుసుకున్న మేనకోడలి చెయ్యి సడలేలా ఎవరో మెత్తగా అడిగినట్టు ఉంది. అది కూడా నిజంలాగే ఉంది. రెండు సార్లూ రాగం పెట్టింది నేనే. మిషన్ నాకు నేను ఇచ్చిందే తిరిగి ఇచ్చింది. ఆ తర్వాత వాటిని తుడిచేశాను.

నీ జవాబులో గద్దె మాట లేదు. "నా తర్వాత ఈ గద్దె నీదే" అన్న మాటను నువ్వు తాకలేదు. మరిచిపోయావో, కావాలని వదిలేశావో నాకు తెలియదు. ఎదురుగా వచ్చి అడిగితే నువ్వు కాగితం మీద రాసి చూపిస్తావు, కాగితానికి రాగం ఉండదు. బొత్తాం ఒత్తితే మామయ్య వేలు పడుతుంది, లేదా నేను పెట్టిన రాగం పలుకుతుంది. ఇరవై ఏళ్లుగా ఎవరి మాట ఎంతవరకు నిజమో గొంతు విని చెప్పగలనని అనుకునేదాన్ని, ఈ పనిలో నాకు మంచి పేరు కూడా ఉంది.

నువ్వు నన్ను పంపడానికే ఆ రోజు ఊరుకున్నావని చాలా రోజులు నమ్ముతాను. కొన్ని రోజులు, నేను వెళ్లకూడదని ఊరుకున్నావని, బాపు ఒప్పుకున్నాక ఇన్నేళ్లకు ఆ మౌనానికి మంచి అర్థం చెప్పి నా చెయ్యి సడలించావని అనుకుంటాను. ఏ రోజు అనుకున్నా నీ మీద నా ప్రేమ ఒక్కటే. కానీ ఈ రెండింటిలో ఏది జరిగిందో నేను తేల్చుకోలేదు అత్తమ్మా. తేల్చుకోగలనని కూడా ఇప్పుడు అనిపించడం లేదు.

లత